కత్తెరాయన కోసిన పది ముక్కలు

పనిచేసినన్నాళ్ళూ ఒక్క కాగితం ముక్క పోగొట్టి ఎరగని మనిషి డెబ్బై ఒకటో ఏట, పట్టపగలు, అరగంటలో భార్య రాసుకున్న పది రాతల్లో తొమ్మిదింటిని గాల్లో కలిపేశాడు. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు ఆయన బల్ల గురించి చెప్పాలి. బల్ల ఊసు లేకుండా ఆయన గురించి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆయన్ని అందరూ కత్తెరాయన అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఒక వారపత్రిక ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు పేస్టప్ పని చేశాడు. పేస్టప్ అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు, తెలియకపోవడం వాళ్ళ తప్పూ కాదు. కంపోజింగ్ గదిలోంచి కథలూ వ్యాసాలూ పొడవాటి నున్నని కాగితపు పట్టీలుగా వచ్చేవి. వాటిని కావలసిన చోట కోసి, వెనక జిగురు రాసి, పేజీ కొలతకు గీతలు గీసిన దళసరి కాగితం మీద వెంట్రుకవాసి వంకర లేకుండా అతికించాలి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ప్లేటు చేస్తే అప్పుడు పేజీ అచ్చులోకి వెళ్ళేది.

రోజంతా నిలబడి చేసే పని. బల్లకు పైన అద్దం, అద్దం కింద ట్యూబులైట్లు. చలికాలంలో పొద్దున్నే ఆ అద్దం మీద అరచేతులు ఆనిస్తే వెచ్చగా ఉండేది. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు వేళ్ళ మీద ఎండిన జిగురును పొరలు పొరలుగా ఒలుచుకోవడంలో ఉన్న సుఖం ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. ఇప్పటికీ ఆయన ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకుంటూ ఉంటాడు. అక్కడ ఒలవడానికి ఏమీ లేదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆయన. మిగతావాళ్ళు ఒక ముక్క కోసి అతికించి, మళ్ళీ ఇంకో ముక్క కోసేవారు. ఈయన అలా కాదు. పేజీకి కావలసిన ముక్కలన్నీ ముందే కోసేసి, బల్ల కుడి అంచున పైనుంచి కిందికి వరసగా పేర్చుకునేవాడు. ఆ వరస పూర్తయితేగానీ జిగురు డబ్బా మూత తీసేవాడు కాదు. "ముందు కోత, తర్వాత పూత" అనేవాడు. ముక్కలు ఎగిరిపోతాయని మండే ఎండల్లో కూడా ఫ్యాను వెయ్యనిచ్చేవాడు కాదు. పక్క బల్లలవాళ్ళు చెమటలు కక్కుతూ ఆయన్ని తిట్టని తిట్టు లేదు. ముక్క మాత్రం ఏనాడూ ఎగరలేదు.

నకలంటే ఆయనకు ఒళ్ళుమంట. పనిలో చేరిన కొత్తలో కంపోజింగ్ వాళ్ళు ఒకే సంతాప వార్తను పొరపాటున రెండుసార్లు తీసి పంపారు. రెండూ బల్ల మీద ఉండిపోయాయి. ఒకటి నాలుగో పేజీకి, ఒకటి తొమ్మిదో పేజీకి ఎక్కాయి. పాపం ఆ పెద్దమనిషి ఒకే సంచికలో రెండుసార్లు చనిపోయాడు. ఫోర్మన్ ఆ సంచికను చుట్టచుట్టి చేత్తో పట్టుకొచ్చి, "ఏమయ్యా, ఆయన ఒకసారి పోతే నీకు చాలదా?" అని అందరి ముందూ కడిగేశాడు. అప్పటినుంచి ఆయన రూలు ఒకటే. ముక్క బల్ల మీదైనా ఉండాలి, పేజీలోనైనా ఉండాలి, రెండుచోట్లా ఉండకూడదు.

ఇన్ని పేజీలు కట్టినవాడు ఒక్క పేజీ చదవలేదంటే నమ్మండి. కొలిచేవాడంతే. చదవడం మొదలుపెడితే చెయ్యి ఆగుతుందనేవాడు. ఫలానా కథ ఎన్ని అంగుళాలు, చివరి లైను ఎంతవరకు వచ్చి ఆగింది అంటే నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ కథలో ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారంటే తెల్లమొహం వేసేవాడు.

అలాంటివాడికి రాసిపెట్టిన భార్య అదే ఆఫీసులో ప్రూఫ్‌రీడరు. అందరూ ప్రూఫమ్మ అనేవారు. సబ్బు కట్టిన కాగితం మీద అక్షరాలు కూడా వదలకుండా చదివే మనిషి. మందు సీసా మీద తప్పు కనిపిస్తే మందు తాగడం మానేసి ఆ తప్పు గురించే మాట్లాడేది. మూడేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాక పెళ్ళి చేసుకున్నారు. ఆ పెళ్ళికి ఇప్పుడు నలభై రెండేళ్ళు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఒక సోమవారం ఆయన వెళ్ళేసరికి బల్లలన్నీ గోడవారకు జరిపేసి ఉన్నాయి. ఫోర్మన్ ఆయన మొహంలోకి చూడకుండా, "ఇక కోసేదీ లేదు, అతికించేదీ లేదు. అంతా లోపలే అయిపోతుందట" అన్నాడు.

"లోపలంటే ఎక్కడ?"

"నాకు మాత్రం ఏం తెలుసయ్యా? లోపల."

ఆయన్ని బైండింగు విభాగానికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే పుస్తకాల వీపులకు గుడ్డ అంటించాడు. తన అద్దం బల్లను ఎవరో తీసుకుపోయి దాని మీద చేపల తొట్టి పెట్టుకున్నారని విన్న రోజున మాత్రం ముద్ద దిగక కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ బల్ల గురించి ఆయన ఏడవలేదుగానీ, ఏడ్చి ఉంటే ఎవరూ నవ్వి ఉండేవారు కాదు.

ఇద్దరూ ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక, పై వాటాలో ఉండే కూతురు తన పాత కంప్యూటర్ను కిందికి దింపింది. ప్రూఫమ్మ వారం తిరక్కుండా దాని మీద టైపు చెయ్యడం నేర్చుకుంది. ఆ ఆఫీసు రోజుల జ్ఞాపకాలు ఒక్కొక్కటే రాయసాగింది. రాయడం నాలుగు రోజులు, దిద్దుకోవడం నాలుగు నెలలు. ఏడాదికొకటి లెక్కన పదేళ్ళలో పది రాసింది. మధ్యాహ్నాలు ఆమె తెర ముందు వంగి కూర్చునుంటే, ఆయన టీ కప్పు తెచ్చి పక్కన పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయేవాడు. అది మర్యాద అనుకున్నాడు.

రెండేళ్ళ కిందట ఆమె చూపు మధ్యలో మసక చుక్క ఒకటి మొదలైంది. గుమ్మం కనిపిస్తుంది, మనిషి వచ్చినట్టు తెలుస్తుంది. ఏదైనా అక్షరం చూడబోతే మాత్రం ఆ చుక్క వచ్చి సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోమని డాక్టరు చెప్పాడు. జీవితమంతా అక్షరాల్లో తప్పులు వెతికిన కళ్ళకు అక్షరమే కనిపించకుండా పోవడం అన్యాయం. దానికి ఇంతకంటే మెత్తని మాట వాడాల్సిన పనిలేదు.

ఒక ఆదివారం ప్రూఫమ్మ అడిగింది. "ఏమండీ, ఆ పదీ ఒకచోట చేర్చి పుస్తకంలా కుట్టించి ఇవ్వండి. చదవలేకపోయినా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటా."

కూతురు అక్కడే ఉంది. "ఎంతసేపమ్మా, పది నిమిషాల పని. నేను చేసి పెడతాగా."

"నువ్వొద్దు. మీ నాన్న చెయ్యాలి."

"నాన్నకి మౌస్ పట్టుకోవడమే రాదు!"

"అయితే నేర్పు."

కూతురు తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. "ఇదిగో నాన్నా, ఇలా లాగితే రాతంతా నీలంగా మారుతుంది. అంటే పట్టుకున్నట్టు. ఇది నొక్కితే కాపీ, ఇది నొక్కితే కట్. కొత్త డాక్యుమెంట్లోకి వెళ్ళి ఇది నొక్కితే పేస్ట్."

తెర పైన బుల్లి కత్తెర బొమ్మ కనిపించగానే ఆయన మొహం వెలిగింది. "కట్టూ పేస్టూ నువ్వు నాకు నేర్పుతున్నావుటే! నా కత్తెర ఎక్కడికి పోయిందా అనుకున్నా, ఇక్కడ దాక్కుందన్నమాట."

"నువ్వు కట్ జోలికి పోకు. కాపీ చెయ్యి. అసలు అక్కడే ఉంటుంది, నకలు ఇక్కడికి వస్తుంది."

"అప్పుడు రెండవుతాయి కదే."

"రెండయితే ఏం కొంప మునుగుతుంది?"

"మనిషి రెండుసార్లు చస్తాడు" అన్నాడాయన గంభీరంగా.

ఆ కథ వందసార్లు విన్న కూతురు తల పట్టుకుంది. "నీ ఇష్టం నాన్నా. కానీ ఏం చేసినా వెంటవెంటనే సేవ్ చేస్తూ ఉండు, కరెంటు పోతే అంతా పోతుంది" అని చెప్పి పైకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున పదింటికి ఆయన పనిలోకి దిగాడు. ముందు గదిలో ప్రూఫమ్మ రేడియో పెట్టుకుని పడుకుంది. ఆయన అలవాటుగా లేచి ఫ్యాను ఆపేశాడు. మొదటి ఫైలు తెరిచాడు. రాతంతా నీలంగా చేసి, కట్ నొక్కాడు. పేజీ తెల్లగా అయిపోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక ముక్కను శుభ్రంగా, గీత మీద కోసినంత హాయిగా అనిపించింది. చెప్పినట్టే సేవ్ చేశాడు, మూసేశాడు. రెండోది తెరిచాడు. కోత, సేవ్, మూత. మూడోది. కోసినవి తెర కుడి అంచుకు అవతల, కనిపించకపోయినా, ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయనే ఆయన ధీమా. ఫోర్మన్ చెప్పిన ఆ 'లోపల' అంటే ఇదే అయ్యుంటుందనుకున్నాడు. పది పూర్తయ్యేసరికి చెయ్యి పాత ఊపు అందుకుంది. ఒక్కటీ చదవలేదు.

కొత్త డాక్యుమెంట్ తెరిచి పేస్ట్ నొక్కాడు. ముక్క వచ్చి పడింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ పడింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పదిసార్లు నొక్కాడు. అప్పుడు కుర్చీలోంచి లేచి, పాత బల్ల ముందు నిలబడ్డట్టే నిలబడి, తల వెనక్కి తీసి, కళ్ళు చికిలించి పేజీలు ఒక్కొక్కటే జరుపుతూ వాటి ఆకారం చూశాడు. ఎక్కడో తేడా కొట్టింది. పది ముక్కలూ ఒకే పొడవున్నాయి. ప్రతిదాని చివరి లైనూ సరిగ్గా సగానికి వచ్చి ఆగింది. ఆయన అనుభవంలో ఏ రెండు రాతలూ అలా ఆగలేదు. మొహం తెరకు దగ్గరగా పెట్టి, ఎన్నడూ చెయ్యని పని చేశాడు. చదివాడు.

'కాగితాలు దాచే గదిలో ఒక పిల్లి ఉండేది' అని ఉంది. రెండోది చూశాడు. 'కాగితాలు దాచే గదిలో ఒక పిల్లి ఉండేది.' మూడోదీ పిల్లే. పదో ముక్క దాకా పిల్లులే.

మొదటి ఫైలు తెరిస్తే తెల్లగా ఉంది. రెండోదీ అంతే. మిగతావి కూడా తెరిచి చూశాడు, అన్నీ తెలుపే.

"అయిందా అండీ?" ముందు గదిలోంచి కేక.

"అవుతోంది."

"ఎలా ఉన్నాయి?"

"బావున్నాయి."

"ఏది బావుంది?"

ఆయన తెరవైపు చూశాడు. "పిల్లిది."

ప్రూఫమ్మ పకపకా నవ్వింది. "అన్నీ వదిలేసి పిల్లా! సరే, కానివ్వండి."

సాయంత్రం కూతురు ఆఫీసు నుంచి రాగానే మెట్ల దగ్గరే ఆపి, గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని అటు నొక్కింది, ఇటు నొక్కింది. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అది ఒక్కటే పట్టుకుంటుంది నాన్నా. నువ్వు రెండోది కోస్తే మొదటిది వదిలేస్తుంది."

"ఎక్కడ వదిలేస్తుంది?"

"ఎక్కడా వదలదు. పోతుంది, అంతే."

"బల్ల కింద పడినట్టు ఎక్కడో అక్కడ పడి ఉండదూ? ఎప్పుడైనా కింద పడితే ఊడ్చేటప్పుడు దొరికేవే."

సేవ్ చెయ్యకపోయి ఉంటే దొరికేవన్న మాట కూతురి నాలిక చివరిదాకా వచ్చింది. చెయ్యమన్నది తనే కాబట్టి మింగేసింది. ఆ పది రాతలకు ఇంకెక్కడా నకలు లేదు. కంప్యూటర్ను తన ఆఫీసులో అన్నీ తెలిసిన ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన రెండు రోజులు ఉంచుకుని, పెదవి విరిచి పంపించాడు.

ఆ రెండు రోజులూ కత్తెరాయన తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు. ఒకే ముక్క పట్టుకోగలిగినదాన్ని బల్ల అని ఎవడన్నాడని లోలోపల తిట్టుకున్నాడు. అది బల్ల అని ఎవరూ అనలేదు, తనే అనుకున్నాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకాస్త కుంగిపోయాడు.

మూడో రోజు పొద్దున ప్రూఫమ్మ తడుముకుంటూ వచ్చి కంప్యూటర్ బల్ల మీద చెయ్యి పెట్టింది. "అక్షరాలు కనిపించవుగానీ, బల్ల ఖాళీగా ఉందో లేదో కనిపించదా నాకు? ఏం దాస్తున్నారు?"

ఇక దాచలేక మొత్తం చెప్పేశాడు. కోత గురించి, పూత గురించి, పది పిల్లుల గురించి చెప్పాడు. "నీ పదేళ్ళ కష్టం నా చేత్తో పాడుచేశాను. నన్నేమన్నా పడతాను" అన్నాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "ఎన్ని పోయాయి?" అంది.

"తొమ్మిది."

"సర్లెండి. అగ్గిలో పడలేదు, నీళ్ళలో పడలేదు, నా బుర్రలోనే ఉన్నాయి. కోసేముందు చదివారు కదా, మొదటిదాంట్లో మీకు గుర్తున్నది చెప్పండి. నేను అక్కణ్ణుంచి అందుకుంటా."

ఆయన బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకున్నాడు.

"రెండోది పోనీ."

ఆయన తల వంచుకున్నాడు.

"ఒక్కటీ చదవలేదా?"

"పిల్లిది చదివా."

ప్రూఫమ్మ మొహం అప్పుడు మారింది. "అమ్మాయి చేస్తానంటే వద్దని మిమ్మల్నే ఎందుకు కూర్చోబెట్టానో తెలుసా? పదేళ్ళు పక్కన టీ పెట్టి వెళ్ళిపోయారు. ఏం రాస్తున్నావోయ్ అని ఒక్కనాడు అడగలేదు. పోనీ అతికించేటప్పుడైనా కళ్ళబడతాయి, చదువుతారనుకున్నా" అంది. కళ్ళు ఒత్తుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది.

పోగొట్టినందుకు తిట్టి ఉంటే ఆయన తలవంచుకుని పడి ఉండేవాడు. చదవనందుకు ఏడిస్తే ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఆ పూట ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, కంచాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సిగ్గు, దిగులు ఆయన్ని చెరోవైపునుంచీ పీకాయి. ఆ ఇంట్లో నలభై రెండేళ్ళుగా రోజూ మాట్లాడిన మనిషి తను చదవాలని ఎదురుచూసిందన్న సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం కూతురు కంప్యూటర్ను మళ్ళీ బల్ల మీద అమర్చి వెళ్ళింది. ఆయన ఆ ఖాళీ ఫైళ్ళను చూస్తూ కూర్చున్నాడు. లోపల ఏమీ లేకపోయినా ప్రతి ఫైలుకూ ఆమె పెట్టిన పేరు పైన అలాగే ఉంది. లేచి లోపలి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏమోయ్, మొదటిదాని పేరు 'బల్ల' అని ఉంది."

ఆమె మళ్ళీ గోడవైపే తిరిగి పడుకుని ఉంది.

"ఏ బల్ల అది?"

"ఏ బల్లయితే ఏం మీకు?"

"నాది కాదు కదా?"

మంచం కిర్రుమంది. "లోకంలో ఇంకెవరికీ బల్ల లేనట్టు" అంటూ ఆమె లేచి వచ్చి, తడుముకుని ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. "చెప్తే రాస్తారా?"

"రాస్తా."

"నా మాట నా మాటలాగే పడాలి. మధ్యలో సొంత తెలివి వద్దు."

"నాకు సొంత తెలివి ఉంటే ఇంతదాకా వస్తుందా?"

ఆమెకు నవ్వు రాబోయింది, ఆపుకుంది. గొంతు సవరించుకుని, రేడియోలో చదివినట్టు మొదలుపెట్టింది. "పేజీలన్నీ ఆ బల్ల మీదే తయారయ్యేవి. దాని ముందు నిలబడే మనిషి తల ఎత్తేవాడు కాదు."

ఆయన ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఆ రెండు వాక్యాలకే పావుగంట పట్టింది. ఆమె ఓపిగ్గా ఆగింది.

"ఏదో పని ఉన్నట్టు నేను మూడుసార్లు అటూ ఇటూ తిరిగినా ఎత్తలేదు. ఇలా లాభం లేదని ఒక ఉపాయం ఆలోచించాను. మొదటి ప్రూఫులో రోజుకొక తప్పు కావాలనే వదిలేసేదాన్ని. పేజీ పూర్తయ్యే వేళకు ఆ తప్పు అప్పుడే కంటబడ్డట్టు కంగారుపడి, దిద్దిన ఒక్క లైను చేత్తో పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆయన దాన్ని అందుకుని, కోసి, జిగురు రాసి, అతికించేదాకా అక్కడే నిలబడొచ్చు."

ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. సాయంత్రం నాలుగు గంటల వేళ, అద్దం వెలుగులో, తన బల్ల మీద ఎవరో ఉంచిన సన్నటి ఒంటి లైను కాగితాలు కళ్ళముందు కదిలాయి. ప్రతిరోజూ వచ్చేది ఒకటి. తల ఎత్తకుండానే అందుకునేవాడు. కొన్నాళ్ళకు ఎత్తడం మొదలుపెట్టాడు.

"రాశారా?"

"ఆ తప్పులన్నీ కావాలని చేసినవా? మూడేళ్ళూ?"

"మూడేళ్ళూ."

"నీకు పని రావడం లేదేమోనని నేను జాలిపడేవాణ్ణే! మంచి పిల్ల, కాస్త కంగారెక్కువ, ఉద్యోగంలోంచి తియ్యొద్దని ఫోర్మన్ కాళ్ళావేళ్ళా పడ్డాను కూడా."

"తెలుసు. అదీ ఉంది, తర్వాతి పేరాలో."

ఆయన కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "నలభై రెండేళ్ళలో నాతో ఒక్కసారైనా అనలేదేమే?"

"రాశాను కదండీ" అంది ప్రూఫమ్మ. "మీరే చదవలేదు."

ఆయన మళ్ళీ వంగి, మిగిలిన వాక్యం అక్షరం అక్షరం కొట్టి పూర్తిచేశాడు. సేవ్ చేశాడు. తర్వాత ఆమె అడక్కుండానే మొదటి లైను దగ్గరికి వెళ్ళి, తెర మీద వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టాడు.